నలభై ఒకటో కంచం

నమోదు 1. పప్పువారం

ఈ పూట పప్పులో కాఫీ వచ్చింది.

వచ్చిందంటే ఏదో కొంచెం వాసన తగలడం కాదు. కంచంలో ఎప్పటిలాగే బూడిదరంగు నాచుముద్ద పడింది. కంచం అంచునున్న పప్పు మీట నొక్కి నోట్లో పెట్టుకుంటే చిక్కటి కాఫీ, చక్కెర తక్కువ. భోజనశాలలో సగం మంది ఉమ్మేశారు, మిగతా సగం ఇంకో ముద్ద పెట్టించుకున్నారు. ఆ తర్వాత అందరూ కలిసి నా మీద పడ్డారు. రుచిపెట్టె చూసేది నేనే కాబట్టి, ఈ వలయంలో ఎవరి నాలుక చెడినా ఆ పాపం తాయారుదే.

వెళ్ళి పెట్టె మూతకి చెవి ఆనించాను. లోపల హార్డ్ డిస్కు టక్, టక్, కిర్ర్ అంటోంది. పళ్ళు కదులుతున్న ముసలాయన వక్క కొరుకుతున్నట్టుంది. మేం తినే పప్పూ కూరా పచ్చడీ పులుసూ అన్నీ అందులోనే ఉన్నాయి. అది పోతే మాకు మిగిలేది నాచుముద్ద ఒక్కటే. దాని సొంత రుచి గురించి ఇక్కడ రాయకపోవడమే మర్యాద.

బ్యాకప్ డిస్కు ఉండాలే అని వెతికాను. నాకు ముందు ఈ పని చేసినాయన దాన్ని భోజనశాలలో మూడో బల్ల కాలి కింద ఎత్తుకి పెట్టారట. ఉంది. కాలి బరువుకి అప్పడంలా అయింది. బల్ల మాత్రం అస్సలు కదలడం లేదు.

నమోదు 2. పులుసువారం

శని గ్రహం చుట్టూ తిరిగే మా ఇనప వలయంలో ఆదివారం, సోమవారం అంటే ఎవరికీ గుర్తుండదు. పులుసువారం అంటే కడుపుకే గుర్తుంటుంది. ఈ రోజు మాత్రం కడుపులు కూడా తికమకపడ్డాయి. ఒకరి పులుసులో బెల్లం పానకం, ఇంకొకరి పులుసులో పళ్ళపొడి. ఏ కంచానికి ఏది పంపాలన్నది డిస్కు ఇష్టం.

నా భయం పులుసు గురించి కాదు. మా చెల్లెలు హైమకి నాలుగో నెల. వేవిళ్ళు. ఏది నోట్లో పెట్టుకున్నా మరుక్షణం బయటికి. కడుపులో నిలిచేది ఒకే ఒక్కటి: పచ్చి మామిడికాయ ముక్క, ఉప్పూ కారం అద్దినది. మూడు పూటలా ఆ మీటే నొక్కి, ఆ రుచితోనే నాచుముద్ద మింగి బతుకుతోంది. అసలు మామిడికాయని అది కళ్ళతో చూసింది లేదు, నేనూ చూసింది లేదు.

ఈ పూట దాని మామిడికాయలో సబ్బు తగిలింది.

"అక్కా, ఇది కూడా పోతే నేనేం తినాలే?" అని భోరుమంది. నేను మాత్రం, "పోనిస్తానా నేను? కొత్త డిస్కు బీరువాలో ఉంది. అటుది ఇటు మార్చడం రెండు గంటల పని," అన్నాను.

రెండు గంటల పనే. కాకపోతే పెట్టె మూత తీయాలంటే చయనులు గారు ముహూర్తం పెట్టాలి.

నమోదు 3. వేపుడువారం

చయనులు గారు మా వలయానికి కాలమాన అధికారి. వలయం శని నీడలోకి వెళ్ళినప్పుడు కరెంటు పడిపోతుంది కాబట్టి, ఏ యంత్రం ఎప్పుడు విప్పవచ్చో లెక్కకట్టి చెప్పడం ఆయన ఉద్యోగం. ఆయన అంతటితో ఊరుకునే మనిషి కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ నీడ లెక్కకి రాహుకాలం చేర్చారు, తర్వాత వర్జ్యం, తర్వాత దుర్ముహూర్తం, ఆ పైన వాస్తు. ఇప్పుడు ఒక మర బిగించాలన్నా ఆయన గుమ్మం ఎక్కాల్సిందే.

నేను వెళ్ళేసరికి భోజనం చేస్తున్నారు. నన్ను చూడగానే కంచం మీద తడిగుడ్డ కప్పేశారు. మడి. ఆయన కంచం ఇంకొకరి కంట పడకూడదు, కడిగే యంత్రంలో పదిమంది కంచాలతో కలవకూడదు. చేత్తో ఆయనే కడుక్కుంటారు. నూట ఎనభై మీటల్లో ఆయన వేలు పడేది పప్పు, చారు, పెరుగన్నం మీదే. ఉల్లిపాయ అన్న అక్షరాలున్న మీట మీద కాగితం అంటించుకున్నారు.

"శని ఏ ఇంట్లో ఉన్నాడో చూడాలమ్మా," అన్నారు మూతి తుడుచుకుంటూ.

"కిటికీలోంచి కనపడుతూనే ఉన్నాడు కదండీ."

"అదే తల్లీ మన బాధ. భూమ్మీద వాళ్ళకి ఏలినాటి శని ఏడున్నరేళ్ళు పట్టి వదిలేస్తుంది. మనం వచ్చి ఆయన చుట్టూనే కాపురం పెట్టాం. మనకి వదిలేదెప్పుడు?"

"వదలదని తెలిశాక ఇంక ముహూర్తం దేనికండీ?"

"వదలదు కనకే మరీ జాగ్రత్తగా చూడాలి," అని పంచాంగం తెరిచి చాలాసేపు పెదవులు కదిపారు. "వచ్చే వేపుడువారం దాకా మంచిది లేదు."

"అప్పటిదాకా డిస్కు ఆగుతుందో లేదో. హైమ సంగతి మీకు తెలుసు కదా."

ఆయన మొహం ఒక్కసారి వాడిపోయింది. నిజంగానే వాడిపోయింది, నేను చూశాను. కంచం మీది తడిగుడ్డ వైపు ఓరగా చూసి, "ఆగుతుందిలే అమ్మా. పాత వస్తువులు గట్టివి," అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

నమోదు 4. పచ్చడివారం

ఈ పూట ఫిర్యాదులు: గోంగూరలో రబ్బరు. కొబ్బరిపచ్చడిలో విభూతి. ఆవకాయలో పాయసం (ఇది ఫిర్యాదు కాదు, ఎలా వచ్చిందో చెప్పమని అడిగారు). ఒకాయన మంచినీళ్ళలో ఇంగువ వస్తోందన్నాడు. మంచినీళ్ళకీ రుచిపెట్టెకీ సంబంధం లేదు, ఆయన గ్లాసు కడుక్కోవాలి.

ఏది ఎక్కడికి పోతోందో తెలుసుకోవడానికి కంచాలు ఒక్కొక్కటే తీసుకుని భోజనశాల గోడకున్న చదివే యంత్రంలో పెట్టాను. ప్రతి కంచం తాను తిన్న రుచుల్ని జ్ఞాపకం పెట్టుకుంటుంది, యంత్రం వాటిని పైకి చదివి చెబుతుంది. గొంతు తగ్గించే మీట ఎప్పుడో విరిగింది. పైగా కంచం సొంతదారు వేలిముద్ర వేస్తేనే చదువుతుంది. అంచేత అందరూ వరసలో నిలబడ్డారు.

మా మరిది, హైమ మొగుడు పానకాలు వంతు వచ్చింది. హైమ తినలేకపోతోందని తను కూడా నాలుగు రోజులుగా ఉత్త నాచుముద్దే తింటున్నానని ఊరంతా చెప్పుకున్నాడు. హైమ దానికి కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది.

"కంచం పదిహేడు. సొంతదారు పానకాలు," అని అరిచింది యంత్రం. "జిలేబీ. జిలేబీ. జిలేబీ. కోడివేపుడు. జిలేబీ."

"డిస్కు పాడైంది కదా వదినా," అన్నాడు పానకాలు, "ఏది పడితే అది చెబుతుంది."

హైమ చెప్పు కోసం వంగింది, కానీ నీరసంగా ఉండి మళ్ళీ కూర్చుండిపోయింది. అది చూసి నాకు నవ్వు ఆగిపోయింది.

ఫిర్యాదు చెయ్యనిది వలయం మొత్తం మీద చయనులు గారు ఒక్కరే. పెద్దాయన, ఎంత ఓర్పో అనుకున్నాను.

నమోదు 5. వేపుడువారం మళ్ళీ

చయనులు గారు ముహూర్తం మార్చేశారు. చంద్రబలం చాలదట. ఏ చంద్రుడండీ, శనికి బోలెడుమంది ఉన్నారు కదా అన్నాను. "అందరికీ కలిపి చూస్తే చాలడం లేదు," అన్నారు.

మనిషి కొంచెం ఒళ్ళు చేశారు కూడా. ఊళ్ళో అందరూ చిక్కిపోతుంటే ఈయన బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. మడికి అంత మహిమ ఉంటుందని నాకు తెలియదు.

డాక్టర్ రజియా గారు మా ఇంటికి వచ్చారు. హైమ నాడి చూసి, కళ్ళు చూసి, నన్ను పక్కకి పిలిచారు.

"తాయారమ్మా, ఈ పిల్లకి తిండి నిలవకపోతే లోపలి పిల్లకి కష్టం. వచ్చే పెరుగువారం సరుకు ఓడ వస్తోంది. అప్పటికి తేరుకోకపోతే ఆసుపత్రి వలయానికి పంపించేయాలి."

"పానకాలు కూడా వెళ్ళొచ్చా అండీ?"

"ఉన్నది ఒక్కటే సీటు. వెళ్ళడానికే మూడు నెలలు. కాన్పు అక్కడే."

హైమ పక్కగదిలోంచి అంతా విన్నది. "నేను వెళ్ళనక్కా. మొహాలు తెలియని వాళ్ళ మధ్య కననక్కా," అంది. ఆ గొంతు నా చెవిలో ఇంకా ఉంది.

పానకాల్ని తీసుకుని నేరుగా చయనులు గారి ఇంటికి వెళ్ళాను. పానకాలు అరుస్తాడని తీసుకెళ్ళాను, వాడు గుమ్మంలోనే ఏడుపు మొదలుపెట్టాడు. అదే బాగా పనిచేసింది. చయనులు గారు పంచాంగం మూసేశారు. "చారువారం కానిద్దాం," అన్నారు నేల చూస్తూ.

నమోదు 6. పచ్చడివారం

రేపు చారువారం. అన్నీ సిద్ధం.

డిస్కు మార్చే ముందు కంచాలన్నీ ఖాళీ చెయ్యాలి, లేకపోతే వాటిలోని పాత రుచులు కొత్త డిస్కులోకి ఎక్కుతాయి. అందుకని అందరి కంచాలూ కడిగే యంత్రంలో వేయించాను. మరిగే నీళ్ళు పెడితే ఎంగిలితో పాటు కంచం జ్ఞాపకం కూడా పోతుంది. దగ్గరుండి చూశాను, ఒక్కటి వదల్లేదు. చయనులు గారు తన కంచం తానే మరిగే నీళ్ళతో కడుక్కున్నానని చెప్పి పంపారు. మడి వాళ్ళతో వాదన దేనికని ఊరుకున్నాను.

హైమ మామిడికాయలో ఈ పూట సబ్బు తక్కువ. రెండు ముద్దలు నిలిచాయి. రేపటితో నీ కష్టాలు తీరతాయే అని చెప్పి వచ్చాను.

నమోదు 7. చారువారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కాపీ చేసే యంత్రానికి రెండు గూళ్ళు. ఎడమ గూట్లో పెట్టినదాన్ని కుడి గూట్లోదానికి ఎక్కిస్తుంది. నేను పాత డిస్కు ఎడమన, కొత్త డిస్కు కుడిన పెట్టాను. ఇక్కడిదాకా అంతా సవ్యం.

చయనులు గారు వచ్చి కొత్త డిస్కుకి పసుపు రాశారు. సరే, కొత్త వస్తువు. కేబుల్ సందుల్లో పసుపు పోకుండా నేను అరచెయ్యి అడ్డం పెట్టాను. పాతది కూడా ఇన్నాళ్ళు మనకి అన్నం పెట్టింది, పోయేదానికీ మర్యాద చెయ్యాలని దానికీ పసుపు రాశారు. రెండింటికీ బొట్టు పెట్టారు. కింద నిమ్మకాయ పెట్టాలన్నారు. నిమ్మకాయ ఎక్కడిది? నాచుముద్దని ఉండ చేసి నిమ్మకాయ మీట నొక్కి పెట్టారు. కొబ్బరికాయకి బదులు పాత ఆక్సిజన్ బుడ్డి కొడదామన్నారు. వద్దని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

తర్వాత వాస్తు. కొత్తది ఈశాన్యంలో ఉండాలట. గిరగిరా తిరిగే వలయంలో ఈశాన్యం ఎక్కడుంటుందండీ అంటే జేబులోంచి దిక్సూచి తీశారు. అది తిరిగి తిరిగి పానకాలు బెల్టు బకిల్ దగ్గర ఆగింది. పానకాలు కుడిపక్కన నిలబడి ఉన్నాడు కాబట్టి కుడివైపే ఈశాన్యం, కొత్త డిస్కు ఉన్న చోటే బాగుందని ఖాయం చేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. చేతులకి పసుపంతా అంటిందని కడుక్కోవడానికి వెళ్ళాను.

నేను వెళ్ళాక పానకాలు తుమ్మాడట. తుమ్మి ఎడమపక్కకి జరిగాడట. ఈశాన్యం కూడా వాడితో పాటు జరిగింది. చయనులు గారు డిస్కుల్ని అటుదిటు ఇటుదటు మార్చేశారు.

నేను వచ్చేసరికి రెండూ పసుపు ముద్దల్లా ఒకేలా కూర్చుని ఉన్నాయి. "కానివ్వు, కానివ్వు, వర్జ్యం ముంచుకొస్తోంది!" అని ఆయన కేకలు. నొక్కేశాను.

కాపీ భలే వేగంగా నడిచింది. చావుబతుకుల్లో ఉన్న డిస్కు ఎంత చురుగ్గా చదువుతోందో అని మురిసిపోయాను. అప్పుడే భోజనశాలలోంచి ఒక కేక వినపడింది.

"నా గోంగూర పోయింది!"

"ఆవకాయ రావట్లేదు!"

"పులుసులన్నీ పోతున్నాయి, తాయారమ్మోయ్!"

కొత్త డిస్కులో ఉన్న శూన్యాన్ని పాత డిస్కు మీద శుభ్రంగా కాపీ చేస్తున్నాను నేను. వైరు పట్టుకుని లాగేశాను. అప్పటికే పచ్చళ్ళ అర, పులుసుల అర తుడిచిపెట్టుకుపోయాయి. డిస్కుల్ని సరిగ్గా మార్చి పెట్టి మిగతాది ఎక్కించాను. పప్పు, చారు, వేపుళ్ళు, పెరుగు, తీపి వంటలు, ఊరగాయ లేని ప్రపంచం అంతా కొత్త డిస్కులోకి ఏ లోపం లేకుండా వచ్చింది. మామిడికాయది పచ్చళ్ళ అరే కాబట్టి, ఆ మీట నొక్కితే ఏమీ లేదు. ఉత్త నాచు.

చయనులు గారు గోడకి ఆనుకుని నిలబడిపోయారు. ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచాను. పసుపు చేతులతో అలా చూస్తుంటే తిట్టు రాలేదు. మీట నొక్కిన వేలు నాదే కదా.

నమోదు 8. కూరవారం

రుచి అంటే పోగులు. పులుపు పోగు, ఉప్పు పోగు, కారం పోగు, ఇలా. వాటిని విడదీయడం నాకు వచ్చు, కలపడమూ వచ్చు. కాబట్టి మామిడికాయని నేనే అల్లేస్తానని కూర్చున్నాను. తీరా మొదలుపెట్టాక, మామిడికాయ పులుపు ఎలాంటిదో చెప్పమంటే ఊరంతా తలో మాట.

"చింతపండు కన్నా కొంచెం తక్కువ." "కాదు, ఎక్కువ." "పళ్ళు జివ్వుమనాలి." "పళ్ళు కాదు, చెవుల వెనక జివ్వుమనాలి." పానకాలు అయితే, "హైమ తింటున్నప్పుడు దాని మొహం ఎలా పెట్టేదో చూపిస్తా, దాన్నిబట్టి చెయ్యి వదినా," అని మొహం పెట్టాడు. దాన్నిబట్టి చేశాను. పాదరసంలా వచ్చింది.

చేసినవన్నీ పట్టుకెళ్ళాను. హైమ ఒక్కొక్కటీ నోట్లో పెట్టుకుని, నా మొహం చూసి బలవంతాన మింగి, గిన్నె కోసం చెయ్యి చాపింది. ఆఖరుది బాగానే ఉందక్కా అని అబద్ధం చెబుతూ చెబుతూనే కక్కుకుంది.

రేపే ఓడ. హైమ బట్టలు సర్దాం. పానకాలు చీరలు మడతపెడుతూ ఒక్క ముక్క మాట్లాడలేదు. వాడు మాట్లాడకుండా ఉండగా నేను చూడటం ఇదే మొదలు.

నమోదు 9. పెరుగువారం

ఓడ పొద్దున్నే వచ్చి వలయానికి ఆనుకుంది. మధ్యాహ్నం భోజనాలు అయ్యేలోపు బయల్దేరుతుందన్నారు. హైమని కుర్చీలో కూర్చోబెట్టి ఓడ గుమ్మం దాకా తీసుకెళ్ళారు. నేను దాని దారికి చారు ముద్దలు కట్టడానికి పెట్టె గదికి వచ్చాను. తినదని తెలుసు, అయినా కడుతున్నాను.

చయనులు గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. చంకలో పట్టుపంచెలో చుట్టిన ఏదో గుండ్రటి వస్తువు.

"తాయారూ, నేను కంచం కడగలేదమ్మా."

"ఏ కంచమండీ?"

"నాదే. ఆ రోజు కడిగానన్నది అబద్ధం. ఈ రెండు వారాలుగా నీళ్ళు తగలనివ్వలేదు. గుడ్డతో తుడుచుకుంటున్నానంతే."

"మీది మడి కదండీ."

"మడీ లేదు, నా మొహమూ లేదు," అని స్టూలు మీద కూలబడ్డారు. "నా పెరుగన్నం మీట నొక్కితే ఇంకేదో వస్తోంది తల్లీ. మొదటి రోజు తెలియక తిన్నాను. రెండో రోజు ఏమిటో తెలుసుకుందామని తిన్నాను. మూడో రోజు తెలిసింది." గొంతు తగ్గించారు. "చేపల పులుసు. మామిడికాయ వేసింది."

నా చేతిలోని చారు ముద్ద కింద పడింది.

"మరి ఫిర్యాదు చెయ్యలేదేమండీ?"

"చేస్తే నువ్వు బాగుచేసేస్తావు కదా!"

ఆ మాటతో అన్నీ ఒక్కసారి అర్థమైపోయాయి. మారిన ముహూర్తాలు, చాలని చంద్రబలం, నిగనిగలాడే బుగ్గలు. నాకు కోపం తలకెక్కింది. "పిల్ల అన్నం మానేస్తే మీరు పులుసు కోసం వర్జ్యాలు చూశారా?" అని అరిచేశాను. ఆయన తల ఎత్తలేదు.

"చూశాను. ఒక్క పూట, ఇంకొక్క పూట అనుకుంటూ చూశాను. అరవై రెండేళ్ళు బతికానమ్మా, నా నాలుకకి ఎవరూ ఇంత పని చెప్పలేదు. హైమకి ఇంతదాకా వస్తుందనుకోలేదు. ఇప్పుడైనా పనికొస్తుందా ఇది? పులుసులో ముక్క ఉంది. ముక్క రుచి వేరుగా తెలుస్తూనే ఉంది."

పనికొస్తుంది. పోగులు విడదీస్తే మామిడికాయ దొరుకుతుంది. కంచం లాక్కుని పరిగెత్తబోయి ఆగాను.

"చయనులు గారూ, చదివే యంత్రం భోజనశాలలో ఉంది. ఇప్పుడు భోజనాల వేళ. అందరూ అక్కడే ఉన్నారు. వేలిముద్ర మీరే వెయ్యాలి. అది ఎలా అరుస్తుందో తెలుసుగా."

"అందరూ తిని వెళ్ళేదాకా ఆగితే?"

"ఓడ వెళ్ళిపోతుంది."

ఆయన లేచి ఉత్తరీయం సర్దుకున్నారు. "మంచి ముహూర్తమే," అన్నారు. "పద."

భోజనశాల కిటకిటలాడుతోంది. పచ్చడీ పులుసూ లేని భోజనం కాబట్టి అందరూ ముభావంగా తింటున్నారు. కంచం యంత్రంలో పెట్టాను. ఆయన బొటనవేలు ఆనించారు. కళ్ళు మూసుకున్నారు.

"కంచం నలభై ఒకటి. సొంతదారు చయనులు," అని ఎలుగెత్తింది యంత్రం. "చేపల పులుసు, మామిడికాయతో. చేపల పులుసు, మామిడికాయతో. చేపల పులుసు, మామిడికాయతో..."

ఆపడానికి వీల్లేదు, మొత్తం చదివితేనే నాకు పోగులు దొరుకుతాయి. అది చదువుతూనే ఉంది. రెండు వారాలకి సరిపడా చదివింది. మధ్యలో ఒకచోట, "రెండోసారి వడ్డన," అని కూడా చెప్పింది. ఒక్కరి చెయ్యీ నోటిదాకా వెళ్ళలేదు.

చదవడం అయ్యాక మూడో బల్ల దగ్గర ఒక పెద్దావిడ జాలిపడింది. "పోనీలెండి చయనులు గారూ, ఇక్కడ చేప ఎక్కడుందండీ? ఉన్నది నాచు. అది ఉత్త రుచే కదా."

ఆయన కళ్ళు తెరిచారు. తప్పించుకోవడానికి ఆవిడ దారి చూపించింది కదా, అందులోంచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

"రుచేనమ్మా. కానీ నేను మాత్రం చేపే అనుకుని తిన్నాను," అన్నారు.

నేను అప్పటికే పోగులు లాగుతున్నాను. ఉల్లిపాయ తీశాను, మెంతులు తీశాను, ధనియాలు తీశాను, చేప తీశాను. చేప పూర్తిగా రాలేదు. మామిడికాయని గట్టిగా పట్టుకుని ఉంది. ఉప్పూ కారం పైన అద్ది, ముద్ద పట్టుకుని ఓడ గుమ్మానికి పరిగెత్తాను. నా వెనక పానకాలు, పానకాలు వెనక చయనులు గారు, ఆయన వెనక ఎంగిలి చేతులతో భోజనశాల మొత్తం.

హైమని లోపలికి ఎక్కించబోతున్నారు. నోటికి అందించాను. కళ్ళు మూసుకుని నమిలింది. మింగింది. రజియా గారు గిన్నె పట్టుకుని రెడీగా నిలబడ్డారు. మేమంతా ఆ గిన్నె వైపే చూస్తున్నాం.

"అక్కా," అంది హైమ.

"ఏమ్మా?"

"కొంచెం నీచువాసన వస్తోందే."

"తెలుసమ్మా. అది..."

"ఇంకో ముద్ద పెట్టు."

మూడు ముద్దలు తింది. నిలిచాయి. ఇంకో రెండు తింది. రజియా గారు గిన్నె బోర్లించి దాని మీద కూర్చున్నారు. ఓడవాళ్ళు ఇక ఆగలేమన్నారు. ఆగొద్దు బాబూ, వెళ్ళండి అన్నాం. పానకాలు చీరల మూట నెత్తిన పెట్టుకుని అక్కడే చిందులు వేశాడు. నేను ఓడ గుమ్మానికి ఆనుకుని ఏడ్చాను. రాయడానికి సిగ్గేమీ లేదు.

నమోదు 10. పప్పువారం

హైమ తేరుకుంటోంది. తీరిగ్గా కూర్చుని చేప పోగంతా పీకేసి శుభ్రమైన మామిడికాయ చేసిచ్చాను. వద్దంది. నీచువాసన ఉన్నదే కావాలట. పుట్టబోయే పిల్ల నోరు ఎలా ఉంటుందో ఏమో.

ఊళ్ళో అందరూ జ్ఞాపకం చేసుకుని చెబుతుంటే గోంగూర మళ్ళీ అల్లుతున్నాను. కొట్టుకుంటున్నారు కానీ వస్తోంది. పులుసుల అరలో ప్రస్తుతానికి ఒకే ఒక్క పులుసు ఉంది. ఎవరిదో రాయనక్కర్లేదు.

చయనులు గారిని ఎవరూ ఏమీ అనలేదు. ఆయనే భోజనశాలకి రావడం మానేశారు. రజియా గారు వెళ్ళి లాక్కొచ్చారు. కొత్త డిస్కులో ఆయన పెరుగన్నం నిక్కచ్చిగా పెరుగన్నంలాగే వస్తోంది. చల్లగా, కమ్మగా, కాస్త అల్లం ముక్కతో. ఆయన నాలుగు మెతుకులు కెలికి లేచిపోతారు. బుగ్గలు దిగిపోయాయి. కంచం తెచ్చి అందరి కంచాలతో పాటు కడిగే యంత్రంలో వేస్తారు. మడి కూడా మానేశారు.

హైమ అది చూసి, "అక్కా, నువ్వేమన్నా చెయ్యవే," అంది.

నమోదు 11. పెరుగువారం

రుచిపెట్టె పనితీరు: బాగుంది. ఒక చిన్న లోపం కనిపించింది. నలభై ఒకటో కంచంలో పెరుగన్నం మీట సరిగా పనిచేయడం లేదు. కారణం తెలియలేదు. సరిచేయడం కుదరదు.

మధ్యాహ్నం ఆయన వచ్చి తన చోట కూర్చున్నారు. మీట నొక్కారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశారు. బల్లలన్నీ కలయజూసి చివరికి నా వైపు తిరిగారు. అందరూ ఎవరి కంచాల్లోకి వాళ్ళు చూసుకుంటున్నారు.

"తాయారూ, కొత్త డిస్కులో కూడా ఏదో లోపం ఉన్నట్టుందమ్మా."

"అవునండీ. ఆ ఒక్క కంచానికే. చూశాను, బాగుపడేలా లేదు."

"ఎన్నాళ్ళుంటుందంటావు?"

"ఏలినాటి శని కదండీ," అన్నాను. "ఇక్కడ వదలదు."

ఆయన కిటికీలోని శనికి రెండు చేతులూ జోడించి, మారు వడ్డించమన్నారు.